సెయింట్ హెలెన్స్ మంచు కొండ: పర్మిట్ 66 డాలర్లు, చిరాకంతా క్రాంపాన్లతో

సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు వసంతంలో మంచు కొండ ఎక్కాలనుకుంటే ముందుగా అనుకునేది వాషింగ్టన్ రాష్ట్రంలోని అగ్నిపర్వతం మౌంట్ సెయింట్ హెలెన్స్. ఏప్రిల్ చివర్లో నలుగురం వెళ్లొచ్చాం, ఇద్దరు స్కీలతో, ఇద్దరు నడకన. కొండ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఫిర్యాదంతా సామాన్లు అద్దెకిచ్చిన కొట్టు మీదే.

క్రాంపాన్లు (మంచులో జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనప పళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కలిపి మనిషికి 38 డాలర్లు. కౌంటర్లో ఉన్నాయన బూట్లు చూడనైనా చూడకుండా సంచిలో వేసి ఇచ్చేశాడు. క్రాంపాన్లలో వెనక కమ్మీతో బిగించే రకానికి, బూటు మడమ దగ్గర గాడి ఉండాలి. మామూలు హైకింగ్ బూట్లకు పట్టీల రకమే పనికొస్తుంది. మధ్య పట్టాని బూటు పొడవుకు సర్ది, పట్టీలు బిగించకుండా బూటు పైకెత్తి చూడాలి. క్రాంపాన్ ఊడకుండా అంటుకుని ఉంటే సైజు కుదిరినట్టు. ఈ పని కొట్లోనే చేయాలి, తెల్లవారుజామున హెడ్‌ల్యాంప్ వెలుగులో కాదు.

ఇంకో లోపం పైకెళ్లాక బయటపడింది. ఆ క్రాంపాన్లకు అడుగున మంచు అంటకుండా ఉండే ప్లాస్టిక్ ప్లేట్లు లేవు. వసంతపు తడి మంచు పళ్ల మధ్య కూరుకుపోయి, పది అడుగులు వేసేసరికి అరికాలి కింద కొబ్బరికాయంత ముద్ద. అప్పుడు పళ్లు మంచులో దిగవు, కాలు జారుతుంది. ఐస్ యాక్స్ కర్రతో బూటు పక్కన కొట్టి రాల్చుకుంటూ వెళ్లాలి. మాలో ఒకాయన ఆ కొట్టుడుకే విసిగి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అద్దెకు తీసుకునేటప్పుడు ఈ ప్లేట్లు ఉన్నాయా అని తప్పకుండా అడగండి.

ఖర్చుల సంగతి. కొండెక్కే పర్మిట్‌కు ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు మనిషికి 15 డాలర్లు, బుకింగ్‌కు మరో 6. నలుగురికి ఒకే బుకింగ్ చేస్తే 66. మే 14 దాకా రోజుకు 350 మందికి ఇస్తారు, మే 15 నుంచి 110 మందికే. బండి పెట్టుకోవడానికి ఏప్రిల్ నెలాఖరు వరకు స్నో-పార్క్ (చలికాలపు పార్కింగ్ స్థలం) పర్మిట్ వేరే తీసుకోవాలి. వాతావరణం బాగోలేకపోయినా ‘డబ్బు కట్టేశాం కదా’ అని కొండెక్కే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 66 డాలర్లు నలుగురి రెస్టారెంట్ బిల్లంత కూడా కాదు.

దారి మార్బుల్ మౌంటెన్ స్నో-పార్క్ దగ్గర 2,700 అడుగుల ఎత్తులో మొదలవుతుంది. వర్మ్ ఫ్లోస్ అనే ఈ దారిలో పైకి 5,700 అడుగులు, రానుపోను 12 మైళ్లు. మొదటి రెండు మైళ్లు అడవి, చెప్పడానికేమీ లేదు. ఆ తర్వాత అంతా ఎండకు తెరుచుకున్న దక్షిణపు వాలు. ఇక్కడి లెక్కంతా ఎండదే. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పైమంచు గట్టిపడుతుంది. మబ్బు దుప్పటిలా కప్పితే గట్టిపడదు. మబ్బు పట్టి, వాతావరణ సూచనలో ఫ్రీజింగ్ లెవెల్ (నీరు గడ్డకట్టే చలి మొదలయ్యే ఎత్తు) 10,000 అడుగులని ఉంటే ఆ రోజు మానుకోవడమే మేలు. శిఖరమే 8,365 అడుగులు. అంటే కొండ మొత్తం రాత్రంతా కరుగుతూనే ఉంటుంది.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే పదికల్లా పైన అగ్నిపర్వత బిలం అంచు చేరొచ్చు. స్కీ వాళ్లకు పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడి, మంచు బొంబాయి రవ్వలా పలుకులుగా ఉండే గంటా గంటన్నరే అసలు సమయం. అంతకు ముందు దిగితే గాజు మీద జారినట్టే, పడితే ఆగరు. బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా ఆలస్యమైపోయినట్టే. తడి మంచుచరియలు విరిగేది అప్పుడే, ముఖ్యంగా 30 డిగ్రీలు దాటిన వాలుల్లో. చరియ కింద పడ్డవాళ్లను వెతికి తీయడానికి బీకన్ (సిగ్నల్ పంపే, పట్టుకునే చిన్న పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ముగ్గురి దగ్గరుండి నాలుగోవాడి దగ్గర లేకపోతే ప్రయోజనం లేదు. బీకన్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. ఫోన్‌ని దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి.

పైన కనిపించే అంచు నేల కాదు. గాలి పేర్చిన మంచు చూరు అది. కింద ఏమీ ఉండదు, దాని కింద బిలం. 2010 ఫిబ్రవరిలో అలాంటి చూరు విరిగి ఒక పర్వతారోహకుడు బిలంలో పడి చనిపోయాడు. మీద నిలబడితే చూరెక్కడ మొదలైందో తెలియదు, పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. విరిగేటప్పుడు మనం అనుకున్న చోటికన్నా బాగా వెనక నుంచి విరుగుతుంది. ముందొచ్చిన వాళ్ల అడుగుజాడలు అంచు దాకా ఉన్నాయంటే వాళ్ల అదృష్టం బాగుందని మాత్రమే అర్థం. ఫొటో వెనకనుంచే తీసుకోండి.

దిగేటప్పుడు కూర్చుని జారడం సరదాగానే ఉంటుంది, కానీ ముందు క్రాంపాన్లు విప్పాలి. ఒక్క పన్ను మంచులో తగులుకుంటే చీలమండ విరుగుతుంది. మబ్బు కమ్మితే ఈ కొండ దారి తప్పిస్తుంది. గట్లు గొడుగు ఊచల్లా విడిపోతాయి కాబట్టి పైన కొంచెం పక్కకు తిరిగినా కింద మైళ్ల దూరం తేడా వస్తుంది. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని, ఫోన్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఉంచుకోండి.

బస విషయానికొస్తే, కొండకు దగ్గర్లోని కూగర్ అనే ఊరి దగ్గర గది 149 డాలర్లు. ‘ఉచిత టిఫిన్’ ఏడింటికట. రెండింటికి లేచే వాళ్లకు అదెందుకు? బండిలో పడుకున్నా పోయేదేమీ లేదు. తిండికి పట్టుకెళ్లిన పులిహోర చలికి రాయిలా బిగుసుకుంది. కారప్పొడి, నెయ్యి రాసి చుట్టిన చపాతీలు మాత్రం చేతి తొడుగులతోనే తినగలిగాం.

సామాను తిరిగిచ్చేటప్పుడు, తడిగా ఉన్నాయని జతకు ఇంకో 5 డాలర్లు వేశారు.