ఐసార్ట్ రివ్యూ: పని బాగా చేస్తుంది, సెట్టింగ్సే ఓసారి చూసుకోవాలి

పైథాన్ ఫైల్ పైన ఉండే ఇంపోర్ట్ లైన్లను (వేరే కోడ్‌ని తెచ్చుకునే లైన్లు) వరసలో పెట్టే టూల్ ఈ ఐసార్ట్. పాత ప్రాజెక్టులో ఇప్పటికే ఉంటే హాయిగా ఉంచుకోండి. కొత్తది మొదలుపెడుతుంటే మాత్రం నేరుగా ఇదే పని చేసే రఫ్ అనే ఇంకో టూల్‌కి వెళ్లిపోండి, ఎందుకో కింద చెప్తా.

పైథాన్ కోడ్ ఎలా రాయాలో చెప్పే అధికారిక స్టైల్ గైడ్ పెప్ 8 ఈ విషయంలో చెప్పింది కొంచెమే. ముందు పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీలు, తర్వాత బయట నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నవి, చివర్లో మన సొంత కోడ్, మధ్యలో ఒక్కో ఖాళీ లైన్. గ్రూపు లోపల వరస ఎలా ఉండాలో అది చెప్పదు కాబట్టి కోడ్ రివ్యూలో గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఐసార్ట్ మామూలుగా 'ఇంపోర్ట్'తో మొదలయ్యే లైన్లన్నీ పైన, 'ఫ్రమ్'తో మొదలయ్యేవి కింద పెడుతుంది. గూగుల్ స్టైల్ గైడ్‌లో రెండూ కలిపేసి మాడ్యూల్ పేరును బట్టి అక్షర క్రమంలో పెట్టమంటారు, నాకైతే అదే నచ్చుతుంది, పేరు వెతకడానికి ఒక్క చోట చూస్తే సరిపోతుంది. ఐసార్ట్‌లో దానికీ ఒక సెట్టింగ్ ఉంది. ఆ పద్ధతి మా టీమ్‌లో ఇంకెవరికీ నచ్చలేదు, సరే, టూల్ ఏది పెడితే అదే ఫైనల్ అనుకున్నాక ఆ చర్చే ఆగిపోయింది, అదే పెద్ద లాభం.

ఇక చికాకు సంగతి. కోడ్ మొత్తం 'బ్యాకెండ్' లాంటి ఫోల్డర్‌లో పెట్టి, కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్ బయట రూట్‌లో, అంటే ప్రాజెక్టు మెయిన్ ఫోల్డర్‌లో ఉంచితే మన సొంత ప్యాకేజీనే బయటి లైబ్రరీ అనుకుని జాంగో, రిక్వెస్ట్స్ లాంటి బయటి లైబ్రరీల మధ్యలో కూర్చోబెడుతుంది. డిఫాల్ట్‌గా అది రూట్‌లోనూ 'ఎస్ఆర్‌సీ' ఫోల్డర్‌లోనూ మాత్రమే వెతుకుతుంది మరి. సోర్స్ పాత్స్ అనే సెట్టింగ్‌లో ఆ ఫోల్డర్ పేరు ఇచ్చేస్తే తీరిపోతుంది, కానీ ఆ సంగతి తెలిసేదాకా తల బద్దలు కొట్టుకోవాల్సిందే. కోడ్‌ని ఫార్మాట్ చేసే బ్లాక్ అనే టూల్ కూడా వాడేవాళ్లు ఐసార్ట్ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ బ్లాక్ అని పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే 88 అక్షరాల లైన్ దగ్గర ఒకటి విరిస్తే ఇంకొకటి మళ్లీ కలిపేస్తుంది, సీఐ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా చెక్ చేసే సిస్టమ్) ఎప్పటికీ ఎర్రగానే, అంటే ఫెయిల్ అవుతూనే ఉంటుంది.

2020లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి ఒకటి బాగుపడింది. ఇంపోర్ట్‌ల మధ్యలో మామూలు కోడ్ ఉంటే, అంటే గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీకి బ్యాకెండ్ సెట్ చేశాకే అందులోని పైప్లాట్ తెచ్చుకునే పాత స్క్రిప్టుల్లాంటివి, కింద లైన్‌ని పైకి లాగకుండా వదిలేస్తుంది. మధ్యలో కోడ్ లేకుండా వరస మీదే ఆధారపడ్డ ఇంపోర్ట్‌లుంటే మాత్రం ఆ లైన్లను ముట్టుకోవద్దని ఐసార్ట్‌కి చెప్పే స్కిప్ కామెంట్ మీరే రాయాలి.

రఫ్‌ని రస్ట్ అనే వేగవంతమైన భాషలో రాశారు, వేగంలో దీనికీ దానికీ పోలికే లేదు, పైగా లింటింగ్ (కోడ్‌లో తప్పులు పట్టడం), ఫార్మాటింగ్ కూడా అదే చూసుకుంటుంది. ఫోల్డర్ చికాకు అందులోనూ అంతే. ఇంకోటి, 'రఫ్ ఫార్మాట్' కమాండ్ కొట్టేసి ఇంపోర్ట్‌లు కదల్లేదేంటి అని బుర్ర గోక్కోకండి, అది ఆ పని చేయదు. 'రఫ్ చెక్' కమాండ్‌లో ఇంపోర్ట్‌ల వరసకి సంబంధించిన 'ఐ' రూల్స్ ఎంచుకుని ఫిక్స్ ఆప్షన్ ఇస్తేనే సర్దుతుంది.