కమలానగర్‌లో గీజర్ మరమ్మతు: ఒక చిన్న దుకాణం పనితీరు

ఇల్లంతా వెచ్చబెట్టుకోవలసిన చలి మన అనంతపురంలో ఉండదు గానీ, మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున వేన్నీళ్లు లేకుండా గడవదు. మా ఇంట్లోని 25 లీటర్ల గీజర్‌కు సరిగ్గా ఆ రోజుల్లోనే జబ్బు చేసింది. స్విచ్ వేసిన కాసేపటికే దీపం ఆరిపోయేది, నీళ్లు మాత్రం గోరువెచ్చన దాటేవి కావు, వేడెక్కుతున్నంతసేపూ లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వచ్చేది. తయారీ కంపెనీ తరఫున వచ్చిన మనిషి కవరు కూడా విప్పకుండా, నీళ్లు కాగాక కరెంటును ఆపే థర్మోస్టాట్ పోయిందని తేల్చి, ఇంత పాతదానికి ఖర్చు పెట్టేకంటే కొత్తది కొనుక్కోవడం మేలని సలహా ఇచ్చి, వచ్చినందుకు రుసుము తీసుకొని వెళ్లాడు. ఆ తరువాత తెలిసినవారు చెప్పగా కమలానగర్‌లోని ఒక చిన్న ఎలక్ట్రికల్ దుకాణం వారిని పిలిపించాము. ఈ సమీక్ష వారి పని గురించే.

వచ్చిన మెకానిక్ ముందుగా అడిగింది గీజర్ కంపెనీ పేరు కాదు, మాకు వచ్చేవి బోరు నీళ్లా, మునిసిపాలిటీ కొళాయి నీళ్లా అని. బోరు నీళ్లే అనగానే, "అయితే సార్, థర్మోస్టాట్ జోలికి ఇప్పుడే పోవద్దు, ముందు లోపల చూద్దాం" అన్నాడు. మెయిన్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, కింది ఫ్లాంజ్ (ట్యాంకు అడుగున బిగించిన మూత) విప్పేసరికి, నీటిని కాచే కాయిల్ చుట్టూ అంగుళం మందాన తెల్లటి సున్నం గడ్డకట్టి కనిపించింది. బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు కాగినప్పుడు విడిపోయి అత్యంత వేడిగా ఉండే కాయిల్ మీదే పేరుకుంటాయి. ఆ పొర లోపల చిక్కిన వేడి పక్కనే గొట్టంలో ఉన్న థర్మోస్టాట్‌కు ముందుగా తగలడంతో, ట్యాంకులోని నీరు కాగకముందే అది కరెంటును ఆపేస్తుంది. అంటే థర్మోస్టాట్ తన పని తాను చేస్తూనే ఉంది. కరెంటును కొలిచే మల్టీమీటర్ పెట్టి ఆ సంగతి నాకు చూపించాడు కూడా.

ఈ దుకాణాన్ని మెచ్చుకోవలసింది సున్నం తీసిన పద్ధతికి. ట్యాంకు లోపలి గాజుపూత దెబ్బతింటే ఇనుము తుప్పు పట్టి కారడం మొదలవుతుంది కాబట్టి, చాలామంది చేసినట్టు ఇనుప కడ్డీతో పొడవకుండా, చెక్క పుల్లతో గడ్డలను కదిలించి, నీళ్లు పోసి కడుగుతూ ఓపికగా బయటికి తీశాడు. తుప్పును తన మీదికి తీసుకొని ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీ తీగలా సన్నబడిపోయి ఉంటే, దాన్ని మార్చాడు. కాయిల్ పైతొడుగులో సన్నని చీలిక కనిపించడంతో అదీ కొత్తది వేశాడు. ఆ చీలికలోంచి కరెంటు నీటిలోకి దిగితే ప్రాణాలకే ముప్పు కాబట్టి దీనిలో బేరానికి తావు లేదు. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీటిని వదిలే సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి నీరు వదులుతోందో లేదో, ప్లగ్గుకు ఎర్తింగ్ అందుతోందో లేదో చూసిన తరువాతే, ట్యాంకు పూర్తిగా నిండి కొళాయిలో ధార వచ్చేదాకా ఆగి స్విచ్ వేశాడు. 2 కిలోవాట్ల కాయిల్ 25 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం దాదాపు 35 నిమిషాలు పట్టాలి. మాకు ఇంచుమించు అంతే పట్టింది.

సామాన్లు, కూలీ అంతా కలిపి 1,650 రూపాయలు తీసుకున్నారు. పాత కాయిల్, పాత కడ్డీ అడగకుండానే మా చేతికిచ్చారు. అయితే బిల్లు అంటే చీటీ మీద రాసిన మొత్తం మాత్రమే. ఏ సామానుకు ఎంతో, కొత్త కాయిల్‌కు ఎన్నాళ్ల హామీయో మేము పట్టుబట్టి రాయించుకోవలసి వచ్చింది. ఉదయం వస్తామన్నవారు సాయంత్రానికి వచ్చారు. స్నానాలగదిలో పడిన సున్నపు బురదను మేమే కడుక్కున్నాము.

మేడమీది సోలార్ గొట్టాల పని వీరు చేయరు. గ్యాస్ గీజర్ బిగిస్తారు గానీ, గాలి ఆడని స్నానాలగదిలో మాత్రం ఎంత డబ్బిస్తామన్నా బిగించబోమని నిక్కచ్చిగా చెబుతారు. ఆ మంట నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే మనిషిని పడగొడుతుంది కనుక ఆ మొండితనం నాకు నచ్చింది.

వీరిని పిలవదలచినవారు కార్తీకంలోనే, చలి ముదరకముందే పిలవడం మంచిది. అప్పుడైతే చెప్పిన మరునాడే వస్తారని, ట్యాంకు విప్పి కడగడానికి తీరిక ఉంటుందని మెకానిక్కే అన్నాడు. పుష్యంలో ఊరంతా ఒక్కసారే ఫోన్లు చేస్తుంది, కాయిళ్లకు కూడా కొరత వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఏడాదికొకసారి ఫ్లాంజ్ విప్పించాలని, మీటను 60 డిగ్రీలు దాటనివ్వకూడదని చెప్పి వెళ్లాడు. వచ్చే కార్తీకానికి పని ఇప్పుడే అప్పగించాము, ఈసారి వివరంగా బిల్లు ఇవ్వాలన్న షరతుతో.