మొదటి తరం మాజ్దా మియాటా: ట్రాక్ మీద ఎంతవరకు?

స్ట్రెయిట్‌లో మామూలు ఫ్యామిలీ కార్లు కూడా దాటిపోతాయి. 1989లో వచ్చిన మొదటి తరం ఎంఎక్స్-5 మియాటా అనే చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారును రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు ముందే దీనికి సిద్ధపడాలి. 1.6 లీటర్ల ఇంజన్, 115 హార్స్‌పవర్‌కి అటూఇటూ. 1994 మోడల్‌తో వచ్చిన 1.8 కాస్త నయం, అంతే.

ఈ కారు పనితనమంతా మలుపుల్లోనే. బరువు దాదాపు ఒక టన్ను, అదీ ముందూ వెనకా ఇంచుమించు సగం సగం. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి చేతులు పట్టి ఉంచుతాయి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ముక్కు లోపలికి తిరుగుతుంది. భయపడి ఒక్కసారిగా కాలు తీసేస్తే మాత్రం వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. పోగొట్టుకున్న వేగాన్ని వెంటనే తిరిగి తెచ్చే బలం ఇంజన్‌కి లేదు కాబట్టి, బ్రేక్ తక్కువ తొక్కి వేగాన్ని మలుపులోకి మోసుకెళ్లడం నేర్చుకోవాలి. పెద్ద ఇంజన్లకు అలవాటుపడ్డవాళ్లకు ఇది మొదట్లో విసుగే.

డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే భాగం. అది ఓపెన్ రకమైతే, సెకండ్ గేర్ మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు లోపలివైపు వెనక చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది. ఇంజన్ మోత పెరుగుతుంది, కారు మాత్రం ముందుకు పోదు. పట్టున్న చక్రానికి ఎక్కువ బలం పంపే టోర్సెన్ డిఫరెన్షియల్ ఉన్న 1.8 దొరికితే వదలొద్దు.

ఇక ఏవి పాడవుతాయంటే, మొదట బ్రేకులే. 1.6లో ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లు, 1.8లో 255. బరువు తక్కువ కాబట్టి సైజు సరిపోతుంది, కానీ పాత బ్రేక్ ఫ్లూయిడ్ సరిపోదు. అది గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది, వేడెక్కితే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. ట్రాక్‌కి వెళ్లేముందు కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ పోసి నాలుగు చక్రాలకీ బ్లీడ్ చేయాలి, అంటే పాత ఫ్లూయిడ్‌నీ గాలినీ బయటికి తీసేయాలి. ప్యాడ్లు ట్రాక్ రకానివి వేయాలి. పవర్ పెంచే సామాన్ల మీద పెట్టే డబ్బు దీని తర్వాతే.

రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. నలుపు పోయి గోధుమరంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. పైగా ఈ ఇంజన్ మొదట అడ్డంగా అమర్చే కార్ల కోసం తయారైంది. మియాటాలో థర్మోస్టాట్‌ను ముందువైపుకి మార్చడంతో కూలెంట్ వెనకున్న నాలుగో సిలిండర్‌ దగ్గర సరిగా ఆడదు. టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంటే ఆ ల్యాప్ వదిలేసి నెమ్మదిగా చల్లార్చుకోవాలి.

1989-91 మధ్య కార్లు కొనేముందు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా క్రాంక్ పుల్లీని చూడండి. నాలుగు గాట్ల పుల్లీ ఉండి ఊగుతోందంటే క్రాంక్ షాఫ్ట్ ముందు కొస దగ్గర పుల్లీని కదలకుండా పట్టే కీ అరిగిపోయింది. ఆ కారు చవకైనా వద్దు. మంచి గ్రిప్ ఉన్న టైర్లు వేశాక ముందు హబ్ బేరింగులూ త్వరగా పోతాయి. చక్రాన్ని పైకిందా పట్టుకుని ఊపితే ఆట తెలిసిపోతుంది.

క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగే కోణం) ముందు చక్రాలకు మైనస్ 2.5, వెనక మైనస్ 2 డిగ్రీల దగ్గర మొదలుపెట్టొచ్చు.

కారు బోల్తా కొడితే తలను కాపాడే రోల్ బార్ తప్పనిసరి, కానీ పొడవాటివాళ్లకు అదీ చాలదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక రోల్ బార్ పైనుంచి విండ్‌షీల్డ్ పై అంచు వరకు ఒక కర్ర ఆనించి చూడాలి. హెల్మెట్ తగిలితే సీటు కింది ఫోమ్ కోసి కిందికి దిగాలి, లేదా సీటే మార్చాలి.