జాగ్రత్త: బతుకమ్మ పూల ఫ్రేములు చేద్దామనుకునేవాళ్ళు ఆ పేజీలో కొనకండి

పేరు రాయడం లేదు, కానీ పండగ సీజన్ వస్తే చాలు మన ఫోన్లలో పొద్దస్తమానం కనబడే ఆ బాక్స్ ఫ్రేముల పేజీ ఏదో మీలో చాలామందికి తెలుసు. దయచేసి ఎవరూ ఆర్డర్ పెట్టకండి. ఇందాకే గొడవైంది, ఇంకా చేతులు వణుకుతున్నాయి, అందుకే ఉన్నదున్నట్టు రాసేస్తున్నా.

సద్దుల బతుకమ్మకి మా ఆడపడుచులకి, అక్కవాళ్ళకి ఫ్రేముల్లో పెట్టి ఇద్దామని గునుగు, తంగేడు, బంతి పూలు ఎండబెట్టి పెట్టుకున్నా. గునుగుని కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు, చక్కగా ఎండుతుంది. తంగేడు మాత్రం పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టాలి, లేకపోతే రేకులు రాలిపోతాయి. గునుగు కంకి లావు కాబట్టి అద్దానికీ వెనక అట్టకీ మధ్య బాగా లోతు కావాలి. వాళ్ళ పోస్టులో ‘అసలైన చెక్క, గాజు అద్దం, లోపల 2 అంగుళాల లోతు’ అని ఉంది. ఒక్కోటి 650 చొప్పున ఎనిమిదింటికి 5,200 ముందే యూపీఐలో కట్టించుకున్నారు.

వచ్చింది చెక్క కానే కాదు. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసే పలక) మీద చెక్క గీతల కాగితం అతికించారు. ఒక మూల ఆ కాగితం లేచి ఉంటే గోరుతో గీకాను, గోధుమరంగు పొడి రాలింది. గాజు అన్నది పల్చటి ప్లాస్టిక్ షీటు, వేలితో నొక్కితే లోపలికి వంగుతోంది. స్కేలు పెట్టి కొలిస్తే లోతు అర అంగుళం! ఒక దాంట్లో గునుగు సర్ది వెనక అట్ట బిగించేసరికి కంకులన్నీ నలిగి, నల్లటి గింజలు రాలి ఫ్రేము అడుగున చేరాయి.

ఫొటోలు, స్కేలుతో వీడియో పంపి డబ్బులు వెనక్కి ఇవ్వమని మర్యాదగానే అడిగాను. దానికి వాయిస్ మెసేజ్ వచ్చింది: ‘మేడమ్, ఈ రేటుకి టేకు వస్తుందా? పూలే కదా, కొంచెం నొక్కి పెట్టండి, సరిపోతుంది.’ పూలే కదా! మనం గౌరమ్మగా కొలిచి పాట పాడుకునే పూలు, పేర్చేటప్పుడు ఒక్కటి కూడా నలగకుండా చూసుకునే పూలు. అదే బతుకమ్మ ఫొటో పెట్టి, పండగ శుభాకాంక్షలు చెప్పి అమ్ముకునే మనిషి అనాల్సిన మాటేనా ఇది? డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎండీఎఫ్ అమ్మడం తప్పని నేను అనడం లేదు, ఎండీఎఫ్ అనే చెప్పి ఆ రేటుకే అమ్మితే ఎవరూ అడగరు. చెక్క అని చెప్పి అది అంటగట్టడం మోసం, వానకి చెమ్మపట్టిన గోడకి తగిలిస్తే అది ఉబ్బిపోతుంది కూడా.

ఇంకా ఘోరం ఏంటంటే, నేను చాట్‌లో మాట్లాడుతుండగానే పోస్టులో ‘లోపల 2 అంగుళాల లోతు’ అన్నది ‘బయటి కొలత’ అని మార్చేశారు. ‘అసలైన చెక్క’ కాస్తా ‘చెక్క ఫినిష్’ అయింది. పాత స్క్రీన్‌షాట్ పెట్టి ఇదేంటని అడిగిన నిమిషంలో నా కామెంట్ తీసేసి నన్ను బ్లాక్ చేశారు. పండగ దగ్గరికొచ్చింది, ఎండిన పూలు డబ్బాలో ఉన్నాయి, పెట్టడానికి ఫ్రేములు లేవు.

కొనేవాళ్ళు డబ్బు కట్టేముందే ఫ్రేము లోపల స్కేలు పెట్టి తీసిన ఫొటో, వెనకవైపు ఫొటో అడగండి, పోస్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వీలైతే మీ దగ్గర్లో ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపులో కొలత చెప్పి చేయించుకోండి, చెక్క ముక్క చేత్తో పట్టుకుని చూడొచ్చు. చెప్పిన సరుకు కాకుండా వేరేది పంపినప్పుడు వెనక్కి తీసుకోనని అనడానికి ఆన్‌లైన్ అమ్మకాలకి పెట్టిన 2020 ఈ-కామర్స్ రూల్స్ ఒప్పుకోవు. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ ఇస్తున్నా. వీళ్ళ దగ్గర మోసపోయినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే మీరూ ఇవ్వండి, మార్చకముందు పోస్టు స్క్రీన్‌షాట్ కావాలంటే నా దగ్గర ఉంది, పంపిస్తా.