బోర్డు కట్టని ఇళ్ల కోసం ఒకే ఏజెంటుతో ఏడేళ్లు

మల్కాజిగిరిలో అద్దె ఇల్లు కావాలని 2017లో మొదటిసారి ఈ ఇళ్ల ఏజెంటు దగ్గరికి వెళ్లాం. కాలనీ మలుపులో చిన్న గది, అందులో ఒక జిరాక్సు మిషను, గోడకు కాలనీ లేఅవుటు పటం. ఒక నెల అద్దె కమిషనుగా తీసుకుని ఇల్లు చూపించారు. 2022లో ఆయన ద్వారానే సొంత ఇల్లు కొన్నాం. 2024లో మా అత్తగారి ఫ్లాటు అమ్మిపెట్టమని ఆయనకే అప్పగించాం. అద్దెకు, కొనడానికి, అమ్మడానికి మూడింటికీ ఆయన వెంటే తిరిగాను కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. కొనేవారికి ఇలాంటి మనిషి దొరకడం అదృష్టం. కాగితాలు, పన్నుల సంగతి మాత్రం ఆయనకు వదిలేయకూడదు. అమ్మేటప్పుడు ఆయన పద్ధతి మాకు నష్టమే తెచ్చింది.

ఇల్లు కొనాలని 2019లో వెతకడం మొదలుపెట్టాం. ఆన్‌లైన్ సైట్లలో ఒకే ఇంటి ఫొటో నాలుగు ఫోన్ నంబర్ల కింద నాలుగు ధరలతో కనిపించేది. ఫోన్ చేస్తే "అది నిన్ననే అయిపోయిందండీ, ఇంకొకటి ఉంది, వస్తారా?" అనేవారు. పాత కాలనీల్లోని విడి ఇళ్లు అక్కడ చాలా అరుదు. ఎందుకో ఆయన వెంట తిరిగాకే అర్థమైంది. "ఇల్లు అమ్మబడును" అని గేటుకు బోర్డు కడితే కింది వాటాలో అద్దెకున్నవారు మర్నాటి నుంచే వేరే చోటు చూసుకుంటారు. అప్పులపాలయ్యారేమోనని చుట్టాలు ఆరా తీస్తారు. అమ్మాయికి సంబంధం చూస్తున్న ఇంట్లో ఆ మాట గడప దాటకూడదు. పిల్లలు అమెరికాలో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఇంట్లో మిగిలితే, ముక్కూ మొహం తెలియనివారు వచ్చి గదులన్నీ తిరగడం వారికి భయం. ఇలాంటివారంతా కాలనీలో పాతికేళ్లుగా ఎరిగిన ఒక్క మనిషి చెవిన వేసి ఊరుకుంటారు. ఆయన దగ్గర ఎర్ర అట్ట లెక్కల పుస్తకం ఒకటి ఉంది. ఇంటి నంబరు, ఎన్ని గజాలు, ఏ ముఖం, ఎంత చెబుతున్నారు, ఎవరి సంతకాలు కావాలి అన్నీ అందులో పెన్సిలుతో రాసుకుంటారు. పెన్సిలు ఎందుకంటే ధర మారుతుంది, ఒక్కోసారి అమ్మాలన్న మనసే మారుతుంది.

ఇల్లు చూడటానికి వెళ్లడమూ ఒక పద్ధతి ప్రకారమే. బండి వీధి చివర పెట్టాలి, ఇంట్లో ధర ఎత్తకూడదు, కొలతల టేపు తీయకూడదు. "వీళ్లు మనవాళ్లే, ఊరికే చూసిపోదామని వచ్చారు" అని లోపలికి తీసుకెళ్లేవారు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. తర్వాత తెలిసింది, ఆ గుట్టు అమ్మేవారు కోరుకున్నదే.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పటికి ఒక ఇల్లు మాకు బాగా నచ్చింది. 200 గజాలు, తూర్పు ముఖం, కొత్తగా రంగులు వేశారు. వారంలో బయానా ఇవ్వాలనుకున్నాం. వాన తగ్గిన మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఆయన ఫోను: "అమ్మా, మీరిద్దరూ ఇప్పుడే రండి, చెప్పులు వేసుకోకుండా రండి." వెళ్తే ఆ గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు. ప్రహరీ గోడకు వేసిన కొత్త సున్నం ఒకచోట పొక్కి ఊడింది. ఆయన వేలితో గీరి చూపించారు. దాని కింద అంతకుముందెప్పుడో నీరు నిలిచిన గోధుమరంగు గీత సన్నగా, గోడ పొడవునా ఉంది. "నాకు వాళ్లు ఈ మాట చెప్పలేదమ్మా, చెప్పి ఉంటే మీకు చూపించేవాడినే కాదు" అన్నారు. ఆ బేరం జరిగి ఉంటే రెండు వైపులా ఆయనకు కమిషను వచ్చేది. ఆ ఒక్క పొద్దున కోసం ఆయన మీద నాకున్న గౌరవం ఎన్నటికీ తగ్గదు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది కూడా అదే: వాన కురిసిన మర్నాడు ఇల్లు చూపించే ఏజెంటును వదులుకోకండి.

ఇక కాగితాల సంగతి. మేం చివరికి కొన్న ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉండేవారు, ఇల్లు మాత్రం అమెరికాలో ఉన్న కొడుకు పేరున ఉంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకునే పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. మా ఏజెంటుకు తెలిసింది అంతవరకే. "1 శాతం కట్టేస్తే సరిపోతుంది" అన్నారు. మా ఆడిటరు ఆపారు. ఆ నియమం అమ్మే వ్యక్తి మన దేశంలో నివాసి అయినప్పుడే వర్తిస్తుంది. ప్రవాస భారతీయుడైతే అప్పటి ఆదాయపు పన్ను చట్టం 195వ సెక్షను కిందికి వచ్చేది. మేం కొన్న ఏడాది దీర్ఘకాలిక లాభం మీద అది 20 శాతం, దానిపైన సర్‌చార్జి, సెస్సు. తక్కువ మినహాయిస్తే ఆ బాకీ వడ్డీతో సహా కొన్నవారి మెడకే చుట్టుకుంటుంది. అమ్మే అబ్బాయి తక్కువ మినహాయింపు కోసం పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే దాకా ఆగాం, వారాలు పట్టింది. ఆ అబ్బాయి తన తల్లికి అక్కడి నుంచి పంపిన జీపీఏకు (తన తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రానికి), అది మన దేశం చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలన్నదీ లాయరే చెప్పారు. ఇంత ఆలస్యమా అని ఏజెంటు మొహం చిన్నబుచ్చుకున్నారు. నేను వెనక్కి తగ్గలేదు. ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కూడా అంతే. అది చేతికివ్వగానే అంతా శుభ్రంగా ఉందని ఆయన నమ్మకం, కానీ రిజిస్టరు కాని లావాదేవీలు ఈసీలో కనిపించవు. అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు అంతకుముందు చేతులు మారిన కాగితాలు) కళ్లతో చూసి, లాయరుతో చదివించుకోవలసిందే.

ధర విషయంలో నా మనసు ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు. బయట ప్రకటన లేని ఇంటికి పోల్చి చూసుకోవడానికి మరో ధర ఉండదు, ఏజెంటు నోటి మాటే ధర. "ఇంకొకరు కూడా చూసి వెళ్లారు" అన్నప్పుడు నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. అదే వీధిలో అంతకుముందు అమ్ముడైన రెండు ఇళ్లకు ఈసీలు తీయించి, రిజిస్ట్రేషన్‌లో చూపిన మొత్తాలు చూశాను. కాగితం మీది ధర అసలు ధర కంటే తక్కువ ఉండవచ్చని తెలిసినా, ఏదో ఒక ఆధారం దొరికింది. ఆయన మొదట 2 శాతం అడిగారు, 1 శాతానికి ఒప్పుకున్నారు. అమ్మేవారి దగ్గరా మరో 1 శాతం తీసుకున్నారు. దాచలేదు, అడిగితే చెప్పారు. అయినా రెండు చేతులా తీసుకునే మనిషి బేరంలో ఎవరి పక్షం? 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఏజెంట్లను నమోదు చేసుకోమన్నది బిల్డర్లు అమ్మే ప్రాజెక్టుల విషయంలోనే. ఇలాంటి పాత ఇళ్ల బేరాలకు అది వర్తించదు. అందుకే కమిషను ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అన్నది కాగితం మీద రాయించుకున్నాం. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కావడంతో అప్పటికే చేతులు ఖాళీ అయ్యాయి, ఆ కాగితం లేకపోతే గొడవ పడేవాళ్లమేమో.

రిజిస్ట్రేషన్ అయ్యాక మాత్రం ఆయన మమ్మల్ని వదిలేయలేదు. ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పిడికి పైసా అడగకుండా మాతో తిరిగారు.

2024లో అత్తగారి ఫ్లాటుకూ అదే గుట్టు పాటించారు. ఎనిమిది నెలల్లో ఐదుగురు వచ్చి చూశారు, అందరూ ఆయన ఎరిగినవారే, అందరూ తగ్గించి అడిగినవారే. అత్తగారి మందుల ఖర్చుకు ఆ డబ్బు అవసరం. ఆయనతో చెప్పే ఆన్‌లైన్‌లో పెట్టాం. ఐదు వారాల్లో మంచి ధరకు పోయింది. కొనేవారి మధ్య పోటీ ఉంటేనే ధర పలుకుతుంది, గుట్టుగా అమ్మితే ఆ పోటీ ఉండదు. ఆయన బాధపడ్డారు, మాట్లాడటం మానలేదు.

మొన్న మళ్లీ ఫోన్ చేశారు. మా చెల్లెలికి పనికొచ్చే ఇల్లు పక్క వీధిలోనే ఉందట, ఇంకా ఎవరికీ చెప్పలేదట. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, ఆ మనిషి ఎక్కడ ఉంటున్నారు అని ముందు అడిగాను. కనుక్కుని చెబుతానన్నారు. ఆయన చెప్పాక, ఒక మంచి వాన పడ్డాక వెళ్తాం.