సెలీనియం షాంపూ: రెండేళ్లు వాడాక

చుండ్రు తగ్గిందా అంటే తగ్గింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పేదంతా గోలే.

నాకు యాభై నాలుగేళ్లు. తల ముప్పాతిక వంతు నెరిసింది, రంగు వేసుకోను. వైజాగ్ ఉక్కపోతలో గాజువాక నుంచి జగదాంబకి రోజూ బండి మీద వెళ్లొస్తాను. హెల్మెట్ తీస్తే భుజాల నిండా పొట్టే. స్కిన్ డాక్టర్ 2.5 శాతం సెలీనియం సల్ఫైడ్ షాంపూ రాశారు. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి. నాలుగో తలంటుకే దురద పోయింది.

మొదట రంగు మారింది జుట్టు కాదు, వేలికున్న వెండి ఉంగరం. మసి పట్టినట్టు నల్లబడింది. సముద్రపు గాలి కదా అనుకుని చింతపండుతో తోమి మళ్లీ పెట్టుకున్నాను. తలంటుకునే ముందు నగలు తీసేయాలని సీసాతో వచ్చిన కాగితంలోనే ఉందట. ఆ చీమల అక్షరాలు ఎవడు చదువుతాడు?

ఆర్నెల్లకి సెలూన్‌లో కుర్రాడు దువ్వెన ఆపేశాడు. "ఏటి సార్, తలకి గోరింటాకెట్టించేరా?"

వెనక అద్దం పట్టి చూపించాడు. చెవుల పైన తెల్లవెంట్రుకలు పల్చటి టీ డికాషన్‌లో ముంచి తీసినట్టున్నాయి. పాపిడి తీస్తే చర్మం మీద కూడా నారింజ ఛాయ. టెన్షన్ పట్టుకుంది, లివరేమైనా పాడైందేమోనని.

డాక్టర్ అడిగింది ఒకటే: "ఎన్ని మగ్గులు పోస్తారు?" మూడు. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లకి కటకట, అదే లెక్క. నురగ పోతే చాలనుకున్నాను. మందు సరిగ్గా కడిగెయ్యకపోతే రంగు పట్టేస్తుందట. నెరిసిన, బ్లీచ్ చేసిన, రంగేసిన జుట్టుకి ఈ బెడద ఎక్కువ. అదే సీసా వాడిన మా ఆవిడ నల్లజడకి ఏమీ కాలేదు, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

షాంపూ మానలేదు. అడుగున పేరుకున్న మందు కలిసేలా సీసా బాగా ఊపి, రెండు మూడు నిమిషాలు ఉంచి, ఐదు నిమిషాలపాటు కడుగుతున్నాను. చర్మం మీది ఛాయ రెండు మూడు వారాల్లో పోయింది. వెంట్రుకల రంగు మాత్రం కత్తిరింపులతోనే వదిలింది. చుండ్రుకే వాడే మరో మందు కీటోకోనజోల్‌కి మారనా అంటే, తెల్లజుట్టు మీద అదీ ఒక్కోసారి రంగు మారుస్తుందన్నారు. బొగ్గుతారుతో చేసే చుండ్రు షాంపూ సంగతి సరేసరి, దాని వాసనే నాకు పడదు.

మందుకి అయిదుకి నాలుగు మార్కులిస్తాను. తెల్లజుట్టున్నవాళ్లకైతే మూడే. ఎండాకాలం ట్యాంకర్ రాని వారం నేను తలంటు మానేస్తాను, పొట్టు రాలినా సరే.