ఆయాసానికి చేతి ఫ్యాన్: ఏది కొనాలి, ఎలా పట్టుకోవాలి

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు పాలియేటివ్ కేర్ (జబ్బు పెట్టే బాధను తగ్గించే వైద్యం) అనగానే ఇంట్లోవాళ్లు 'అంతదాకా వచ్చిందా?' అని బెంబేలెత్తుతారు. ఇన్‌హేలర్లు వాడుతూనే, బాత్‌రూమ్‌కి వెళ్లొస్తే రొప్పు వచ్చే దశలోనే దాన్ని మొదలుపెట్టాలి. అందులో ముందు చేతికిచ్చే వస్తువు ఐదొందల లోపు దొరికే చార్జింగ్ ఫ్యాన్.

చల్లగాలి బుగ్గలకు, ముక్కు పక్కలకు, పైపెదవికి తగిలితే ముఖంలోని ట్రైజెమినల్ నరం ఆ కబురు మెదడుకు చేరవేస్తుంది, ఆయాసం తగ్గినట్టనిపిస్తుంది. ఆక్సీమీటర్‌లో అంకె మాత్రం పెరగదు. అది చూసి 'పనిచేయట్లేదు' అని మూలన పడేస్తుంటారు.

కుర్చీలో ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. ఫ్యాన్‌ను ముఖానికి 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, గాలిని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మెల్లగా తిప్పాలి. ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి నిదానంగా వదలాలి. ఐదు నిమిషాలైనా చూడాలి. గాలి కళ్లలోకి కొడితే మంట, నీళ్లు.

కొనేటప్పుడు బరువు చూడండి. ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ మందుతో చేతులు వణికేవాళ్లు బరువైనది పట్టుకోలేరు. ఒకే బటన్‌ను మూడుసార్లు నొక్కితేగానీ ఆగని రకం వద్దు, జరిపే స్విచ్ మేలు. మడిచే రకంలో కీలు వదులై తల వాలిపోతుంది. మెడకు వేసుకునేవి గాలిని గడ్డం కిందికి కొడతాయి, దండగ. నీళ్లు చిమ్మేవాటిలో నీరు నిల్వ ఉండి పాచి పడుతుంది. కరెంటు పోయినప్పుడే చార్జింగ్ అయిపోతుంది కాబట్టి రెండు ఉంచుకోవడం మంచిది. సీలింగ్ ఫ్యాన్ దీనికి బదులు కాదు, రెక్కల మీది దుమ్మంతా ముఖాన కొడుతుంది.

కూర్చుని ఉండగానే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 88 శాతం లేదా అంతకన్నా తక్కువ చూపిస్తుంటే డాక్టర్ దగ్గర రక్తంలో వాయువుల పరీక్ష చేయించాలి. పెదవులు నీలిరంగుకు తిరిగినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రికే. ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్లు ఆయాసం కోసమే కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) కొనడం అనవసరం. అలాంటివాళ్లకు ముక్కు గొట్టంతో ఆక్సిజన్, మామూలు గాలి ఇచ్చి పోల్చిన 2010 నాటి పరిశోధనలో ఆయాసం విషయంలో తేడా కనబడలేదు.

ఇప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లూ ఈ ఫ్యాన్ వాడుకోవచ్చు. చార్జింగ్ మాత్రం వేరే గదిలో పెట్టాలి.